ఓడిపోయిన ఫైనల్ గెలవడానికి బెంగళూరు ప్రయాణం

బెంగళూరు పోయొచ్చానంటే మా స్కూలు స్టాఫ్‌రూములో అందరూ ఒకే ప్రశ్న అడిగారు: "పెళ్ళికా, ఆస్పత్రికా?" అనంతపురం నుంచి నలభై ఐదేళ్ళ ఆడమనిషి ఒక్కతే సంచి భుజాన వేసుకుని బెంగళూరు బస్సెక్కిందంటే ఈ రెంటిలో ఒకటి అయ్యుండాలని వాళ్ళ లెక్క. "బాస్కెట్‌బాల్ చూడ్డానికి" అన్నాను. సోషల్ టీచరమ్మ లేచొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

వాళ్ళను అని లాభం లేదు. నేనొకప్పుడు కాలేజీ టీములో ఆడానని చెబితే మా ఇంట్లోనే నమ్మరు. మా ఆయనైతే "ఏ పొజిషను, బెంచీనా?" అంటాడు. అది నిజమే కాబట్టి ఇంకాస్త మండుతుంది.

ఇరవై మూడేళ్ళ కిందట మా డిగ్రీ కాలేజీ అమ్మాయిల టీములో పదిమందిమి ఉండేవాళ్ళం. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో మిగిలింది నలుగురం. కెప్టెన్ ప్రమీల వైట్‌ఫీల్డులో ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మనుషులను ఉద్యోగంలో పెట్టుకోవడం, పీకెయ్యడం ఆమె పని. షాహీన్ కుందలహళ్ళిలో మెస్సు నడుపుతుంది. నాగవేణి దేవనహళ్ళిలో బట్టలు కుడుతుంది. నేను పిల్లలకు లెక్కలు చెబుతాను. పొద్దున గ్రూపులో పువ్వుల బొమ్మలు, సాయంత్రం పాత మ్యాచుల పంచాయితీ. ఏ దేశంలో ఏ కాలేజీ పిల్లలు టోర్నమెంటు ఆడినా ప్రమీల ఆ వీడియో పెట్టి "ఈ అమ్మాయి డ్రిబ్లింగ్ అచ్చం నాదే కదా" అంటుంది. కాదనే ధైర్యం మాకెవరికీ లేదు.

గెలిచిన మ్యాచులు బోలెడున్నాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తేదల్లా కర్నూల్లో ఓడిపోయిన ఫైనల్. అదేంటో మీకూ చెప్పాలి, లేకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. ఆట ముగియడానికి నాలుగు సెకన్లుంది. ఒక్క పాయింటు వెనకున్నాం. బుట్ట కిందికి దూసుకుపోయిన ప్రమీల చేతి మీద అవతలి పిల్ల కొట్టింది. ఫౌలు. రెండు ఫ్రీ త్రోలు. అంటే గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డం రాకుండా, రెండుసార్లు బుట్టలో వెయ్యొచ్చు. రెండూ పడితే కప్పు మాది. సరిగ్గా అప్పుడే మా కెప్టెను పిక్క పట్టేసిందని కింద కూలబడింది. దెబ్బ తిన్న మనిషి ఆడలేకపోతే ఆమె బదులు లోపలికొచ్చిన మనిషే ఆ షాట్లు వెయ్యాలి, అది రూలు. మా పీడీ సారు బెంచీ మీంచి నాగవేణిని పంపాడు. ఆ రోజు అంతవరకూ బంతి ముట్టుకోని మనిషి. రెండూ పోయాయి. ఒక్క పాయింటుతో ఓడాం.

అప్పట్నించీ "ఆ రోజు వేణి వేసుంటే" అనకుండా మా గ్రూపులో ఏ చర్చా ముగియదు. ప్రమీల ఆ కథ చెప్పినప్పుడల్లా పిక్క పట్టుకుని చూపిస్తుంది. ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు. ఒకసారి వీడియో కాల్లో మోకాలు కూడా పట్టుకుంది. మేం నవ్వుతాం. వేణి ఏమీ అనదు. గ్రూపులో పేరుందన్న మాటే.

అలాంటి వేణి తానే నాకు ఫోన్ చేసింది. కూతురు చైత్ర బెంగళూరులో చదువుతూ కాలేజీ టీముకు ఆడుతోందట, సెమీఫైనలుకు వచ్చారట, ఆదివారం వైట్‌ఫీల్డులో ఆటట. "నువ్వు రా మే. వాళ్ళనూ పిలువు. కానీ ముందు నా ఇంటికి రా, ఒక మాట ఉండాది" అంది.

అడుగు లేని బుట్ట

శనివారం పొద్దున బస్సులో నా పక్కన పెనుకొండలో ఒక పెద్దాయన ఎక్కాడు. చిక్కబళ్ళాపురం మార్కెట్లో టమేటా రేటు చూసి రావడానికి పోతున్నాడట. అమ్మడానికి కాదు, ఊరికే చూసి రావడానికి. రేటు బాగుంటే అయ్యో వెయ్యకపోతినే అని, పడిపోతే వెయ్యకపోవడం మంచిదాయె అని, ఏదో ఒకటి అనుకోవచ్చునట. నేనెక్కడికని అడిగితే చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

"ఆ బుట్టకు అడుగుండదు కదమ్మా?"

"ఉండదు."

"అడుగు లేని బుట్టలో ఎంత ఏసినా ఏం లాభం? మళ్ళా కిందికే పడ్తాది గదా."

మూడేళ్ళు ప్రాక్టీసు చేసిన నాకు ఏనాడూ రాని అనుమానం. ఆయన దిగేటప్పుడు "గెలిచి రాపో తల్లీ" అని దీవించాడు. చూడ్డానికే పోతున్నానని ఎన్నిసార్లు చెప్పినా ఆయన తలకెక్కలేదు. సంచి వెతికితే నా నీళ్ళ సీసా కూడా ఆయనతోనే దిగిపోయిందని తెలిసింది.

దేవనహళ్ళి

దేవనహళ్ళిలో కోట ఉంది. చూడలేదు. చూసి రమ్మని వేణి చెప్పింది గానీ వాళ్ళ అత్త నన్ను గడప దాటనివ్వలేదు. ఆ ముసలావిడకు ఆడా మగా తేడా లేదు, అందరూ "అప్పా"నే. "ఏమప్పా, ఊటా చేసుకొని పో. కోట యాడికీ పోదు, ఈడే ఉండాది" అని పీట వేసింది. వాళ్ళ పెద్దలు ఎప్పుడో మన వైపు నుంచి వచ్చి అక్కడే నిలబడిపోయినవాళ్ళు. తెలుగు మనదే, మధ్యమధ్య కన్నడం పోపు పెట్టినట్టు తగులుతుంది.

ఊటా అంటే రాగి ముద్ద, పులుసు. మా ఇంటి సంగట్లో బియ్యం పడుతుంది, చెనిక్కాయల ఊరిమిండితో, అదే వేరుశెనగ పచ్చడితో, నములుకుంటూ తింటాం. ఇక్కడ గింజ బియ్యం లేదు, అంతా రాగిపిండే. నేను నమిలాను. అది పైపళ్ళకూ కిందిపళ్ళకూ మధ్య సెటిలైపోయి నోరు తెరవనివ్వలేదు. ముసలావిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "నమిలేది కాదప్పా, మింగేది! అనంతపురమోళ్ళకు ఇదీ నేర్పీయల్లనా!" పిల్లలకు ఎక్కాలు నేర్పేదాన్ని, మింగడం నేర్చుకున్నాను.

మధ్యాహ్నం మిషను పక్కన కూచోబెట్టి వేణి ఆ మాట చెప్పింది. సూదిలో దారం ఎక్కిస్తూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"చైత్రకు ఎనిమిదేళ్ళప్పుడు మొదటి టోర్నమెంటు మే. కోర్టులోకి పోనని నా చీర పట్టుకొని ఒకటే ఏడుపు. అప్పుడు చెప్పినా. మీ అమ్మ ఫైనల్లో రెండు షాట్లూ వేసి కప్పు గెలిపించింది, నువ్వు భయపడ్తావా అని. ఆ పూటకని చెప్పిన అబద్ధం. పదకొండేళ్ళాయె. స్కూల్లో చెప్పింది, కాలేజీలో చెప్పింది, వాళ్ళ కోచ్‌కు గూడా చెప్పింది."

వేణి దారం కొసను పంటితో కొరికి మళ్ళీ ఎక్కించబోయింది.

"రేపు మీరందరూ వస్తారు. ఆ కథ ఎత్తకుండా మీరుండలేరని నాకు తెలుసు. ఎత్తుకోండి. కానీ గెలిచినామని చెప్పండి. నా బిడ్డ కాడ నేను ఒక్క ఆట గెలిచిన మనిషిని మే. అదొక్కటి నాకు ఉండనీండి."

దారం మూడోసారి కూడా సూదిలోకి పోలేదు. నేను తీసుకుని ఎక్కించాను. "నా పూచీ" అని మాటిచ్చాను.

తీర్మానం

సాయంత్రం నలుగురం ఫోన్లో కలిశాం. వేణి విషయం చెప్పి, ఏడుపు గొంతుతో "సారీ" అంది. షాహీన్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "దీనికి సారీ ఎందుకే పిచ్చిదానా? గెలిచినామంతే. నేనూ మా ఆయనతో గెలిచినామనే చెప్పుకున్నా."

ప్రమీల మాత్రం విషయాన్ని ఆఫీసు మీటింగులా తీసుకుంది. "ఓకే. ఫ్యాక్ట్స్ అలైన్ చేసుకుందాం. ఎంత మార్జిన్‌తో గెలిచాం?"

"ఒక్క పాయింటు వెనకున్నప్పుడు రెండూ పడితే ఒక్క పాయింటుతోనే గెలుస్తాం" అన్నాను. లెక్కల టీచర్ని గదా.

"యు నో, ఒక్క పాయింట్ చాలా లక్కీగా అనిపిస్తుంది. ఫోర్ చేద్దామా?"

నాలుగు సెకన్లలో ఇంకో మూడు పాయింట్లు ఎవరు వేశారని అడిగితే "ఐ కెన్ టేక్ దట్" అంది. వద్దని మెజారిటీ మీద తోసిపుచ్చాం. కప్పేదని చైత్ర అడిగితే ఏం చెప్పాలని షాహీన్‌కు సందేహం వచ్చింది. కాలేజీ బీరువాలో ఉంది, తాళం పోయింది అని ఒప్పందమైంది. ఇరవై మూడేళ్ళలో ఆ మ్యాచు గురించి మేం నలుగురం ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

వైట్‌ఫీల్డ్

ఆదివారం పొద్దున టాక్సీ నడిపే వేణి వాళ్ళాయన బండిలో నేనూ వేణీ బూదిగెరె మీదుగా వైట్‌ఫీల్డు చేరాం. ఆట పదకొండుకు. ముందు కాఫీ తాగుదామని ప్రమీల రమ్మన్న చోట కాఫీ రెండొందల డెబ్బై. మా ఊర్లో ఆ డబ్బుకు స్టాఫ్‌రూము మొత్తానికీ కాఫీ, తలా ఒక బోండా వస్తాయి. ఆ కాఫీ మీద ఆకు బొమ్మ వేసిచ్చారు. చేదు తెలియకుండా బొమ్మ చూస్తూ తాగాలి కాబోలు. ప్రమీల జుట్టుకు రంగేసుకుని, మెడలో ఈలలాంటి గొలుసేసుకుని, ఇంకా కెప్టెన్ లాగే ఉంది. కూచోగానే నా ప్లేటు జరిపి, తన ప్లేటు జరిపి, ఆ టేబులు మీదే కర్నూలు కోర్టు గీసేసింది.

"సీ, ఇక్కడ నేను. ఇక్కడ ఆ పొడుగు అమ్మాయి."

"గెలిచినాం" అని గుర్తు చేశాను.

"యా యా, గెలిచాం."

కోర్టు దగ్గర షాహీన్ మమ్మల్ని కలిసింది. మెట్ల గ్యాలరీలో మా వెనక నలుగురు పెద్దమనుషులు టోపీలు పెట్టుకుని కూచున్నారు. అందులో ఒకాయన కోలారు తెలుగాయన, ప్రతి ఏడూ ఈ మెట్టు మీదే కూచుంటాడట, మెట్టుకు పేరు రాయించుకోలేదంతే. "మా కాలంలో ఈ మూడు పాయింట్ల గీతే లేకుండె. అప్పుడు ఆట ఉండె" అన్నాడు. పక్కాయన ఆట అప్పుడూ లేదన్నాడు. ఇద్దరూ ఎప్పుడో వాళ్ళ కాలేజీ ఓడిన ఒక సెమీఫైనలు మీద పడ్డారు. తప్పు సెంటరుదని ఒకరు, గార్డుదని ఒకరు. ఆ సెంటరు ఎవరయ్యా అంటే మూడో ఆయన. అరటిపండు ఒలుచుకుని కిక్కురుమనకుండా తింటున్నాడు.

వేణి కూతురికి గ్లూకోజు నీళ్ళివ్వాలని కిందికి పోయింది. ఆట మొదలైంది. ఫోటోల్లో చైత్ర వాళ్ళవి తెల్ల జెర్సీలు. "వైట్ మనది" అని కెప్టెన్ ప్రకటించింది. ఇంకేం, మొదటి పది నిమిషాలు గొంతులు చించుకున్నాం. తెల్లవాళ్ళు వేసిన ప్రతి బుట్టకూ షాహీన్ ఈల వేసింది, ప్రమీల లేచి గంతులేసింది. వేణి మెట్లెక్కి వచ్చి మమ్మల్ని చూసి నెత్తి కొట్టుకుంది. చైత్ర వాళ్ళు ఆ రోజు నల్లవి వేసుకున్నారు. బంతి పట్టుకుని కింద తొమ్మిదో నంబరు చైత్ర మా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. నేను ముద్ద నమిలినప్పుడు వాళ్ళ నాయనమ్మ చూసిన చూపే.

కానీ పిల్ల ఆడింది చూడండి, నా నోటి వెటకారమంతా అక్కడ మూతపడింది. బక్కపల్చటి మనిషి, ఇద్దరి మధ్యలోంచి దూరిపోయేది. పడేది, లేచేది. వెనకున్న కోలారాయన కూడా "ఈ కాలంలో పర్వాలేదు" అన్నాడు. నాలుగో క్వార్టరు చివరికొచ్చేసరికి ఒక్క పాయింటు తేడా. చైత్ర వాళ్ళే వెనక. ఆరు సెకన్లు. చైత్ర బుట్ట మీదికి ఎగిరింది, తెల్ల జెర్సీ పిల్ల దాని భుజం మీద కొట్టింది. విజిల్. రెండు ఫ్రీ త్రోలు.

మా నలుగురిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. వేణి నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి.

మొదటిది రింగు చుట్టూ తిరిగి తిరిగి బయట పడింది. రెండోది అక్కడిదాకా పోనేలేదు. నెట్టు కూడా కదల్లేదు. రింగు తగలకపోతే బంతి అవతలి వాళ్ళకు పోతుంది. పోయింది. ఆట అయిపోయింది. చైత్ర ఆ గీత దగ్గరే నిలబడిపోతే, వాళ్ళ టీము పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోవాల్సి వచ్చింది.

కుందలహళ్ళి

షాహీన్ మెస్సు బోర్డు మీద "ఆంధ్రా రాయలసీమ తెలంగాణా మీల్స్" అని ఉంటుంది. మూడు ప్రాంతాలకూ పప్పు ఒకటే గిన్నెలోంచి పోతుంది. నూట ఇరవైకి కడుపునిండా భోజనం, గోంగూర ఎంతైనా వేస్తుంది. ఆదివారం కదా, చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ అబ్బాయిలంతా నిక్కర్లలో వచ్చి, మా అమ్మ చేసినట్టు లేదంటూనే మూడోసారి వడ్డించుకుంటున్నారు. వెనక గదిలో మాకు ఆకులు వేసింది.

చైత్ర మొహం కడుక్కునే వచ్చింది గానీ కళ్ళు ఉబ్బే ఉన్నాయి. ఆకు ముందు కూచుంది, మెతుకు ముట్టలేదు.

"తిను బిడ్డా" అంది షాహీన్. "బంతి పోతే నా పప్పు మీద ఎందుకు కోపం?"

"మీకు తెలీదు ఆంటీ. మీరు గెలిచినోళ్ళు" అంది చైత్ర. "అమ్మ బెంచీ మీంచి లేచి కోర్టులోకి పోయి, ఒళ్ళు వేడెక్కకుండానే రెండూ వేసింది. నేను పొద్దన్నుంచీ ఆడ్తానే ఉండా. నాకు ఒక్కటి పడలేదు." సంచిలోంచి షూస్ తీసి వేణి పక్కన పెట్టింది. "ఎవురికన్నా ఇచ్చేయమ్మా. ఇంగ నేను ఆడేది లేదు. నీ మాదిరి నాకు రాదు."

వేణి ఆ షూస్ కేసి చూసింది.

అక్కడ మా కెప్టెను రంగంలోకి దిగింది. "చైత్రా, లిజన్. ప్రెషర్ అంతా మైండ్‌లోనే ఉంటుంది. ఆ రోజు నా కాఫ్ మజిల్ లిటరల్లీ లాక్ అయిపోయింది. అయినా గివప్ చేశానా? లేచాను. లైన్ దగ్గరికి వెళ్ళాను. ఫస్ట్ వన్, క్లీన్. సెకండ్ వన్..."

"అవి వేసింది అమ్మ కదా ఆంటీ?"

ప్రమీల అటూ ఇటూ చూసింది. "అదే. ఒకటి నేను, ఒకటి మీ అమ్మ."

"ఒక ఫౌలుకు ఇద్దరు ఎట్లా వేస్తారు?"

"అప్పట్లో రూల్సు వేరే బిడ్డా" అంది షాహీన్, ఇంకో గరిటె పప్పు వేస్తూ.

"రెఫరీ వాజ్ వెరీ కోఆపరేటివ్" అంది ప్రమీల.

వేరే రోజైతే నేను నేల మీద పడి నవ్వేదాన్ని. నవ్వు రాలేదు. ఇరవై మూడేళ్ళు ఆ ఓటమి మొత్తం వేణిదే, ఒక్కరూ వాటా అడగలేదు. గెలుపు పుట్టి ఒక్క రోజు కాలేదు, సగం అప్పుడే కెప్టెను పట్టుకుపోయింది. వేణి తల వంచుకుని కూచుంది. దాని కూతురు, లేని గెలుపును చూసి, ఉన్న ఆటను వదిలేస్తానంటోంది. నేనేమో మాటిచ్చి ఉన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రమీల మీదే అనుకున్నాను. నోరు తెరిచాక గదా తెలిసింది, ఎవరి మీదో.

"ఓడిపోయినాం" అన్నాను.

షాహీన్ గరిటె ఆగిపోయింది. వేణి "సుగుణా, వద్దు మే" అంది.

"ఓడిపోయినాం చైత్రా. మీ అమ్మ రెండూ వేయలేదు, రెండూ పోయినాయి. ఎందుకు పోయినాయో అదీ విను. ఈ కెప్టెనుకు ఏ పిక్కా పట్టలేదు. భయపడి కూచుంది."

"దిస్ ఈజ్ నాట్ ఫెయిర్! నాకు నిజంగా క్రాంప్ వచ్చింది!"

"ఏ కాలు?" అన్నాను.

ప్రమీల తన రెండు కాళ్ళ వంకా చూసుకుంది.

"అది నయం. కనీసం కిందపడింది" అన్నాను. "సారు ముందు పిలిచింది మీ అమ్మను కాదు, నన్ను. సుగుణా పో అన్నాడు. నేను షూ లేసు ఊడిందని వంగినా. అది ఊడలేదు. నేనే ఊడబెరికినా. కట్టేది, విప్పేది, కట్టేది. సారుకు విసుగొచ్చి వేణీ నువ్వు పో అన్నాడు. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. లేచి పోయింది. ఇన్నేళ్ళూ వాళ్ళతో పాటు నేనూ నవ్వినా. అందరికంటే గట్టిగా నవ్వినా."

నలభై ఐదేళ్ళ లెక్కల టీచరు, ఎంగిలిచెయ్యి పైకి పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు తొంగిచూస్తుంటే ఏడ్చాను. సిగ్గేసింది. అయినా ఆగలేదు.

చైత్ర నన్ను చూడలేదు. వాళ్ళమ్మనే చూస్తోంది. "అబద్ధం చెప్పినావా?"

"చెప్పినా" అంది వేణి.

"రెండూ పోయినాయా?"

"రెండూ. మొదటిది రింగు తగిలింది. రెండోది ఆడిదాకా పోనేలేదు."

చైత్ర ఆకును కొంచెం ముందుకు లాక్కుంది. "నాదీ అంతే కదమ్మా" అంది. అని, ఏడుపో నవ్వో తెలీకుండా ఒకటి వచ్చింది దానికి. వేణికీ వచ్చింది. ఇద్దరివీ ఒకే తీరు భుజాలు, ఒకే తీరు ఊగుతున్నాయి.

"రెండోది ఎందుకు చిన్నదాయె? మోకాళ్ళు వంచలేదా?"

"వణికే మోకాళ్ళు వంగుతాయా? చెయ్యి చల్లగా ఉండె. బంతి ఇట్ల జారింది, ఈ వేలు మీద..."

అప్పుడు వేణి చెప్పింది. మొదటిసారి. మేం వేల సార్లు చెప్పుకున్న కథలో మాకెవరికీ తెలియని సంగతులు. గీతకు ఎడమపక్క నిలబడిన పిల్ల నోట్లో ఏదో జపం చేస్తోందట. బుట్ట వెనక గోడ మీద ఎవరో చీర ఆరేసి ఉండిందట, అది ఊగుతుంటే కళ్ళు అటే పోయాయట. తిరిగొస్తుంటే ఒక్కరూ మొహం చూడలేదట. అది చెప్పేటప్పుడు కూడా ఎవర్నీ తప్పు పట్టినట్టు చెప్పలేదు. పదిహేను నిమిషాలు మాట్లాడింది. ప్రమీల కూడా మధ్యలో అడ్డం రాలేదు, అంత పెద్ద వింత ఆ రోజు ఇంకోటి లేదు. చైత్ర వింటూ వింటూ అన్నం కలిపింది, తినింది, ఇంకాస్త గోంగూర వేయమంది. లేచేటప్పుడు షూస్ తీసి తన సంచిలో పెట్టుకుంది. మేం చూసీ చూడనట్టు ఊరుకున్నాం.

మళ్ళీ దేవనహళ్ళి, హైవే మీద

సాయంత్రం ఆరుకు వేణి నన్ను అనంతపురం బస్సెక్కించడానికి హైవే దాకా వచ్చింది. దారంతా మాట తప్పినందుకు తిడుతుందేమోనని కాచుకున్నాను. తిట్టలేదు. పోయిన నీళ్ళ సీసాకు బదులు తన స్టీలు చెంబులాంటి సీసా ఒకటి నిండా నీళ్ళు పోసి సంచిలో పెట్టింది.

"మాట తప్పినా" అన్నాను. "ఆ లేసు సంగతి నీకు ఎన్నడో చెప్పుండాల్సింది."

"నాకు తెలుసు మే" అంది. "నీ పక్కనే కూచోనుంటి గదా. నువ్వు విప్పేది చూస్తానే ఉంటి."

దూరంగా బస్సు కనబడింది.

"చూసి కూడా ఇన్నేళ్ళు ఎవరికీ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వే చెప్తావులే అనుకుంటి."

బస్సు వచ్చి ఆగింది. ఎక్కి కూచున్నాను. బాగేపల్లి దాటేదాకా టికెట్టు తీసుకోమని కండక్టరు రెండుసార్లు అడిగాడట, నాకు వినబడలేదు.